ఓడే మూలలో ఒరికాసా మాస్టారు

ఒరికాసా మాస్టారికి భౌతికశాస్త్రం వచ్చా, రాదా? ఈ ప్రశ్న నెమొరి అనే జాలర్ల రేవు ఊళ్ళో ఒక తరాన్ని వేధించింది. ఇన్నేళ్ళ తర్వాత, ఇది రాసేటప్పటికి కూడా జవాబు తేలలేదు. ఆయనతో బడి ఉపాధ్యాయుల గదిలో ఏళ్ళ తరబడి టీ తాగిన హమనో ఫుసాయె గారు ఇప్పుడు రిటైరై పెరట్లో చామంతులు పెంచుకుంటున్నారు. ఎవరైనా అడిగితే ఆవిడ మొక్కలకు నీళ్ళు పోయాలని లేచి వెళ్ళిపోతారు.

అనుమానం రావడానికి కారణం ఒక్కటే. అంత సుదీర్ఘమైన నౌకరీలో మాస్టారు ఏ ప్రయోగానికీ ముందుగా సరైన ఫలితం చెప్పలేదు. ఒకే ఒక్కటి తప్ప, ఏ ఒక్కదానికీ. కళ్ళు మూసుకుని చీట్లు తీసినా అప్పుడప్పుడు కుదరాలి కదా. ఆయనకు ఆ అప్పుడప్పుడు కూడా కుదరలేదు. సైన్సు మాస్టారు కాబట్టి ఊరు దీన్ని విచిత్రమనుకుంది. వంటవాడైతే ఊరు విడిచి వెళ్ళమనేది.

ఆయన పాఠం చెప్పే పద్ధతి ఇది. ఒక గ్లాసో, గుడ్డో, బెలూనో పట్టుకొచ్చి బల్ల మీద పెట్టేవారు. "ఇప్పుడు ఏమవుతుంది?" అని అడిగి మూడు జవాబులు నల్లబల్ల మీద రాసేవారు. మొదటి జవాబు నమ్మినవాళ్ళు కిటికీ మూలకి, రెండోది నమ్మినవాళ్ళు గదిని వెచ్చబెట్టే పొయ్యి మూలకి, మూడోది నమ్మినవాళ్ళు బీరువా మూలకి వెళ్ళి నిలబడాలి. తర్వాత మాస్టారు కూడా ఒక మూలకి వెళ్ళి నిలబడేవారు. అప్పుడు ప్రయోగం. అప్పుడు ఆయన ఓటమి. ఓడగానే పక్కనున్న పిల్లవాడి వైపు తిరిగి, "ఓడిపోయాం," అని, గెలిచిన మూలకి వంగి నమస్కారం పెట్టి పాఠం మొదలుపెట్టేవారు.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉండేది. చలికాలంలో ప్రకృతి సూత్రాలన్నీ పొయ్యి మూల వైపే మొగ్గేవి.

గ్లాసు నిండా నీళ్ళు పోసి, పైన పోస్టుకార్డు మూసి, తిరగేస్తే ఏమవుతుంది? తరగతి అంతా కార్డు ఊడదంది. చెవులు కాస్త పెద్దవైన ఒక పిల్లవాడు మాత్రం ఊడి తీరుతుందన్నాడు. మాస్టారు వెళ్ళి వాడి పక్కన నిలబడ్డారు. "అంత నమ్మకమైతే గ్లాసు కింద కూర్చోండి మాస్టారూ!" అని పిల్లలు ఎగతాళి చేశారు. ఆయన కూర్చున్నారు. వాణ్ణీ కూర్చోబెట్టుకున్నారు. గ్లాసు తిరగేశారు, కార్డు అతుక్కుపోయింది, ఒక్క చుక్క రాలలేదు. మాస్టారు నిరాశగా పైకి చూసి, "ఓడిపోయాం," అన్నారు. తర్వాత ఆ కార్డు ఎందుకు ఊడలేదో దగ్గర నుంచి చూద్దామని దాన్ని వేలితో గీకారు. ఆ రోజు మిగతా పాఠాలన్నీ ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని చెప్పారు.

గుడ్ల ప్రయోగం ఇంకా దారుణం. ఒకటి పచ్చిది, ఒకటి ఉడికింది, రెండింటినీ బొంగరంలా తిప్పాలి. నిలకడగా గిరగిరా తిరిగిందే ఉడికిందని తరగతి అంతా తేల్చింది. ఒక అమ్మాయి మాత్రం కాదు, తడబడిందే ఉడికిందంది. మాస్టారు అటు వెళ్ళి, "నిలకడగా తిరిగిన గుడ్డు పచ్చిదని నా నమ్మకం. దాన్ని మనం రోజూ తినేలా పచ్చిగానే నా అన్నం మీద కొట్టుకుని కలుపుకుంటాను," అని మధ్యాహ్నం డబ్బా తెరిచి, సోయా సాస్ సీసా మూత కూడా తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. గుడ్డు పగిలింది. పూర్తిగా ఉడికిన గుడ్డు అన్నం మీద దిగి, కాసేపు ఆలోచించి, దొర్లి బల్ల కిందకి పోయింది. ఆయన వంగి తీసి, తుడిచి, చెరి సగం కోసి, సగం ఆ అమ్మాయికిచ్చారు. "ఓడిన గుడ్డు కూడా రుచిగానే ఉంటుంది," అన్నారు.

బడి బయట కూడా ఇదే వరస. క్షౌరశాలలో రేడియో పెట్టి సుమో కుస్తీలు వినేవాళ్ళు. రేవంతా కొండంత మల్లుడి పక్షం. క్షురకుడి అత్తగారు మాత్రం ఎప్పుడూ ఎవరికీ పేరు కూడా తెలియని బక్కవాడి పక్షం. మాస్టారు సగం గడ్డంతో కుర్చీలోంచి లేచి, "నేనూ వాడే గెలుస్తాడనుకుంటున్నానమ్మా," అనేవారు. జాలర్లు అది విని నిశ్చింతగా కొండంత మల్లుడి మీద పందెం కాసేవాళ్ళు.

తెలివైన పిల్లలు దీన్నొక కొలబద్దగా వాడుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళలో ముఖ్యుడు కోసాకు అనే కుర్రాడు. సాయంత్రాలు ట్యూషనుకు వెళ్ళేవాడు కాబట్టి వాడికి ఎలాగూ జవాబులు తెలుసు. తెలియనప్పుడు మాస్టారు ఎటు వెళ్తారో చూసి ఎదురు మూలకి పరుగెత్తేవాడు. దాంతో మాస్టారు అందరూ కుదురుకునే దాకా కదలడం మానేశారు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ తుడిచేవారు. చివరి పిల్ల చివరి మూలలో నిలబడ్డాక కళ్ళద్దాలు పెట్టుకుని, బయల్దేరి, తిన్నగా తప్పులోకి నడిచేవారు.

ఫుసాయె గారిది ఆ బడిలో హెడ్మాస్టరు తర్వాతి కుర్చీ. ఒకసారి ఉండబట్టలేక అడిగేశారు.

"ఒరికాసా గారూ, నిజంగా తెలియకే వెళ్తారా అటు?"

"ఎటండీ?"

"తప్పు వైపు."

"వెళ్ళేటప్పుడు అది తప్పు వైపని అక్కడ రాసి ఉండదు కదండీ," అన్నారాయన, టీ ఊదుకుంటూ.

ఒక ఏడాది శరత్కాలంలో జిల్లా విద్యా కార్యాలయానికి కురోయివా అనే కొత్త పర్యవేక్షకుడు వచ్చాడు. వచ్చిన వారంలోనే ఫుసాయె గారికి ఫోను చేశాడు.

"మీ సైన్సు మాస్టారు పిల్లలకు తప్పు జవాబులు చెబుతారటగా?"

"చెప్పరండీ. నిలబడతారు."

"ఏమిటీ?"

"తప్పు జవాబు వైపు నిలబడతారండీ. సరైంది ప్రయోగమే చెబుతుంది."

"వింటుంటే ఇది ఇంకా ఘోరంగా ఉందండీ," అన్నాడాయన. నవంబరులో మీ బడిలో బహిరంగ పాఠం పెట్టండి, నలుగురు పెద్దలతో నేనూ వస్తాను, విన్నది నిజమైతే ఏప్రిల్ నుంచి ఆయనకు కార్యాలయం సామాన్ల గదిలో పని, తక్కెళ్ళ దుమ్ము దులపాలి, చాక్‌పీసు ముట్టుకోనక్కర్లేదు, అని చెప్పి పెట్టేశాడు.

ఫుసాయె గారు ఆ సాయంత్రమే మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన టీ కప్పు కింద పెట్టారు.

"ఆ గదిలో పిల్లలుంటారా అండీ?"

"ఉండరు. తక్కెళ్ళుంటాయి."

"అయితే కష్టమే."

"అందుకే చెబుతున్నాను. ఒక్క రోజు. ఆ ఒక్క రోజు సరైన వైపు నిలబడండి. మీకు దణ్ణం పెడతాను."

"మీరు దణ్ణం పెట్టడమెందుకండీ. మీరు ఏ మూలంటే ఆ మూలే," అని ఆయన మాటిచ్చారు. ఇచ్చిన మాట తప్పిన మనిషి కాదు. అయినా ఫుసాయె గారికి నిద్ర పట్టలేదు. పిల్లలందరూ ఒకే సరైన మూలలో ఉంటే ఆయన మాత్రం ఇంకెటు పోతారు? ఈ ఉపాయం తట్టాక ఆవిడ లేచి కూర్చున్నారు. బహిరంగ పాఠాలకు పిల్లలతో ముందుగా సాధన చేయించడం ఏ బడిలోనైనా ఉన్నదే. తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తండి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తండి, ఎత్తడం మాత్రం అందరూ ఎత్తండి అని చెప్పుకోవడం ఆ వృత్తిలో పాత రహస్యమే. ఆవిడ చేసింది అంతకంటే పెద్ద పాపమేమీ కాదు.

"రీలుంది. దారం ఇరుసు కింది వైపు నుంచి వస్తోంది. పట్టుకుని లాగితే రీలు ఎటు పోతుంది?" అని సాధనలో ఫుసాయె గారు అడిగారు.

"లాగినవాళ్ళ వైపే వస్తుంది, టీచరుగారూ!" తరగతి అరుపుకు పైకప్పు ఎగిరింది.

"ఏ మూల?"

"పొయ్యి మూల!"

"ట్యూషన్‌లో ఎప్పుడో చెప్పేశారు టీచరుగారూ," అన్నాడు కోసాకు. "లాగుతుంటే దారం విప్పుకోదు, చుట్టుకుంటూ వస్తుంది. అదే తమాషా."

వెనక వరసలో చిగుస చెయ్యి సగం లేచింది. ఆ పిల్ల ఆ ఏడే వేరే ఊరి నుంచి వచ్చింది. ఆమె గొంతు ఎలా ఉంటుందో తరగతిలో సగం మందికి తెలియదు.

"మా అమ్మమ్మ ఉన్ని రీలు అలా రాదండీ..."

"చలిగా ఉంది కదమ్మా. పొయ్యి మూల వెచ్చగా ఉంటుంది," అన్నారు ఫుసాయె గారు. చెయ్యి దిగిపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. అతిథులు బూట్లు విప్పి, బడి వాళ్ళిచ్చిన చెప్పులు ఈడ్చుకుంటూ, సైన్సు గది వెనక గోడకు వరసగా నిలబడ్డారు. బహిరంగ పాఠంలో అతిథి అంటే దండేనికి వేలాడే కోటు కింద లెక్క. చూడాలి, కాగితం మీద రాసుకోవాలి, ఊపిరి పీల్చుకోవచ్చు. కురోయివా చేతిలో నిమిషాల వారీ పాఠప్రణాళిక ఉంది. అందులో జవాబు కూడా అచ్చయి ఉంది.

మాస్టారు రేవు నుంచి తెచ్చిన వలతాడు రీలును బల్ల మీద పెట్టారు. పళ్ళెమంత చెక్క చక్రాలు, మధ్యలో లావుగా చుట్టిన తాడు. బల్లను ఒకసారి చేత్తో ఊపి చూసి, రీలును తీసి నేల మీద పెట్టారు. ప్రణాళికలో 'బల్ల మీద' అని ఉన్న సంగతి ఫుసాయె గారికి గుర్తొచ్చింది. పోనీలే అనుకున్నారు.

"తాడు లాగితే ఏమవుతుంది? కదలదంటే కిటికీ మూల. లాగిన వైపు వస్తుందంటే పొయ్యి మూల. దూరంగా పోతుందంటే బీరువా మూల."

పిల్లలు ఒక్కుమ్మడిగా పొయ్యి మూలకి దూకారు. ఫుసాయె గారు ఊపిరి వదిలారు. అప్పుడు మాస్టారు వెనక గోడ వైపు తిరిగి, "పెద్దలు కూడా ఏదో ఒక మూలకి దయచేయాలి," అన్నారు.

కోట్లకు కాళ్ళొచ్చినట్టయింది. అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ పొయ్యి మూలకే వెళ్ళారు. కురోయివా ప్రణాళిక వైపు ఒక చూపు చూసి హుందాగా అటే నడిచాడు. హెడ్మాస్టరు కోటు అంచు పొయ్యికి తగిలి సన్నగా వాసన రావడం మొదలైంది. అంత ఇరుకులోంచి చూసినా బీరువా మూలలో ఒకరు నిలబడి కనిపించారు. చిగుస. ఆమెకు తోడు బీరువా పక్కన కొయ్యకు తగిలించిన అస్థిపంజరం ఒక్కటే.

"ఏయ్, అటు కాదు!" అరిచాడు కోసాకు. "రిహార్సల్‌లో చెప్పారుగా!"

"రిహార్సలా?" అన్నాడు కురోయివా, ఎవరినీ ఉద్దేశించకుండా. ఫుసాయె గారు హెడ్మాస్టరు కోటు అంచును పొయ్యి నుంచి పక్కకు లాగారు.

"మా అమ్మమ్మ లాగితే దూరంగానే పోతుంది," అంది చిగుస. గొంతు సన్నగా ఉంది. "బీరువా కిందికి. రోజూ నేనే పాకి తీయాలి."

"మీ అమ్మమ్మ రీలు ట్యూషనుకు వెళ్ళలేదేమో!" అన్నాడు కోసాకు. పొయ్యి మూలంతా నవ్వింది, పెద్దలతో సహా. చిగుస చెవులు ఎర్రబడ్డాయి. చేతులు రెండూ చొక్కా చేతుల్లోకి పోయాయి. ఒక పాదం నెమ్మదిగా నవ్వుతున్న మూల వైపు జరిగింది. ఆ పాదం ఇటు వచ్చేస్తే ఈ పిల్ల మళ్ళీ ఎప్పటికీ నోరు విప్పదని ఫుసాయె గారికి తెలిసిపోయింది. ఆ పాదం రాకపోతే ఏమవుతుందో కూడా అప్పుడే తెలిసింది.

మాస్టారు కళ్ళద్దాలు తుడుస్తున్నారు.

తుడవడం అయింది. పెట్టుకున్నారు. ఫుసాయె గారి వైపు చూశారు. ఆవిడ గడ్డంతో పొయ్యి మూల చూపించారు. బండిలో పొరపాటున కాలు తొక్కినవాళ్ళు పెట్టే నమస్కారం ఉంటుంది చూడండి, ఆయన అచ్చం అలాంటిది పెట్టి, తిన్నగా బీరువా మూలకి నడిచారు. "కాస్త జరుగుతారా," అని అస్థిపంజరాన్ని పక్కకు జరిపి చిగుస పక్కన నిలబడ్డారు.

అప్పుడు ఫుసాయె గారి కళ్ళ ముందు పాత ఓటములన్నీ వరసగా నడిచాయి. గ్లాసు కింద పెద్ద చెవుల కుర్రాడు. సగం గుడ్డు చేతిలో పట్టుకున్న అమ్మాయి. క్షురకుడి అత్తగారు. ఇన్నేళ్ళలో మాస్టారు ఒక్కసారి కూడా ఒంటరిగా తప్పు వైపు నిలబడలేదు. తప్పు ఎప్పుడూ ఇంకెవరిదో. ఈయన దానికి తోడు వెళ్ళేవారు, అంతే. ఆవిడకు ఏడుపు రావలసింది గానీ, ఎదురుగా అస్థిపంజరం చెయ్యి మాస్టారి భుజం మీద పడి ఉండడంతో కుదరలేదు.

"నేనూ దూరంగానే పోతుందనుకుంటున్నాను," అన్నారు మాస్టారు. "మీ అమ్మమ్మగారు కింద కూర్చుని లాగుతారా?"

"కుర్చీలో. మోకాళ్ళు వంగవు."

"రీలు?"

"నేల మీద."

"ఊఁ. అలాగే లాగు."

చిగుస తాడు కొస అందుకుని, నిటారుగా నిలబడి, అమ్మమ్మలా పైకి లాగింది. రీలు ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత ఆమెకు దూరంగా, తాడు విప్పుకుంటూ, గదికి అడ్డంగా తాపీగా దొర్లి పొయ్యి మూలకి వెళ్ళి కురోయివా చెప్పుకు తగిలి ఆగింది.

కురోయివా ప్రణాళిక వైపు ఇంకోసారి చూశాడు.

"అన్యాయం!" కోసాకు ముందుకు దూకి, నేల మీద చతికిలబడి, తాడును నేలకు ఆనించి లాగాడు. రీలు బుద్ధిగా వాడి వైపు వచ్చింది. "చూశారా!" లేచి నిలబడి లాగాడు. దూరంగా పోయింది. కూర్చున్నాడు, వచ్చింది. లేచాడు, పోయింది. వాడి మొహంలో ట్యూషను మాస్టారి మీద మొదటిసారి అనుమానం కనిపించింది. మరో నిమిషానికి గదంతా నేల మీద ఉంది. తాడును ఎంత ఏటవాలుగా లాగితే రీలు మనసు మారుతుందో చూడాలని పిల్లలూ పెద్దలూ మోకాళ్ళ మీద పాకుతున్నారు. అటూ ఇటూ పోక రీలు ఉన్నచోటే జారే వాలు ఒకటుందని కురోయివా కనిపెట్టాడు. కనిపెట్టాక తాడు ఎవరికీ ఇవ్వలేదు.

పాఠం తర్వాత సమీక్ష. ఆచారం ప్రకారం పాఠం చెప్పినవారే ముందు లేచి తమ లోపాలు చెప్పుకోవాలి. మాస్టారు లేచారు.

"తప్పు జరిగిపోయింది. క్షమించాలి."

"తప్పెక్కడండీ?" అన్నాడు కురోయివా, మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ. "మీరు నిలబడిన వైపే నిజమైంది కదా."

"అదేనండీ తప్పు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా కాలేదు. ఇక పిల్లలు నన్ను చూసి ఎలా నమ్ముతారు?"

కురోయివా ప్రణాళిక తిరగేశాడు. "ఇందులో బల్ల మీద అని ఉంది. నేల మీద ఎందుకు పెట్టారు?"

"బల్ల కాలు ఊగుతోందండీ."

అందరూ వెళ్ళాక ఫుసాయె గారు సైన్సు గదికి వెళ్ళి ఆ బల్లను పట్టుకుని ఊపి చూశారు. ఊగింది. బల్ల ఊగిందో, ఆవిడే గట్టిగా ఊపారో, ఈ రోజుకీ చెప్పలేరు.

చలి తగ్గుముఖం పట్టాక మళ్ళీ ఫోను వచ్చింది.

"మీ మాస్టారిని సామాన్ల గదికి పంపడం లేదు. ఆయన చేతిలో తక్కెళ్ళు పెట్టడం నాకిష్టం లేదు. తేలికగా ఉన్న పళ్ళెం మీద చెయ్యి వేస్తాడు," అన్నాడు కురోయివా. "దీవి మీద ఒక బడి ఉంది. ముగ్గురే పిల్లలు, వెళ్ళేవాళ్ళు లేరు. ఆయన్ని అడిగితే సరేనన్నాడు."

"అక్కడెందుకండీ మరి?"

"ముగ్గురూ తలో మూలకి పోయారనుకోండి. అప్పుడు ఈయన ఎటు పోతాడు?"

"తెలియదండీ."

"నాకూ తెలియదు. వెళ్ళి చూడాలి."

బదిలీల సంగతి ఎప్పటిలాగే పత్రికలో అచ్చయింది. మాస్టారు వెళ్ళే రోజు బడంతా రేవుకొచ్చింది. పిల్లలు తెచ్చిన రంగు కాగితపు చుట్టల కొసలన్నీ ఆయన చేతికిచ్చారు. పడవ కదిలితే చుట్టలు విప్పుకుంటూ పోవాలి, చివరి అంగుళం దాకా ఆయన అటూ వీళ్ళు ఇటూ పట్టుకోవాలి, తెగేటప్పుడు పేరు పెట్టి కేకలేయాలి. రేవులో వీడ్కోలంటే అదే. చిగుస ముందు వరసలో నిలబడి, ఇప్పుడు బాగా అలవాటైన గొంతుతో, "చుట్ట అలా కాదు, ఇలా పట్టుకో!" అని కోసాకును కసురుతోంది. ఫుసాయె గారు చెప్పవలసిన నాలుగు మంచి మాటలు దారంతా మననం చేసుకుంటూ వచ్చారు.

పడవలో జనమంతా రేవు వైపున్న అంచు కమ్మీ దగ్గరే కిక్కిరిసి ఉన్నారు. మాస్టారు వాళ్ళ మధ్యలో రంగు కాగితాలు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డారు. కూత వినిపించింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని ఒకసారి వెనక్కి చూశారు. అవతలి కమ్మీ దగ్గర, సముద్రం వైపు మొహం పెట్టి, సాగనంపడానికి ఎవరూ రాని ఒక ముసలమ్మ ముల్లంగి మూట మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

మాస్టారు కాగితాల కొసలు కమ్మీకి ముడివేశారు. జనాన్ని తప్పించుకుంటూ అటు వెళ్ళారు. ముల్లంగి మూటను కాస్త జరిపి ఆవిడ పక్కన నిలబడ్డారు.

"మాస్టారూ! ఇటు!" రేవంతా అరిచింది. పడవ కదిలింది. కాగితాలు ఎరుపూ పసుపూ నీలం చారలై సాగుతున్నాయి. ఫుసాయె గారి నాలుగు మాటలు నోట్లోనే ఉండిపోయాయి. అందరికంటే పైకి కోసాకు గొంతు లేచింది.

"మాస్టారూ! మళ్ళీ తప్పు వైపు నిలబడ్డారు!"

ముసలమ్మ ఏదో చెబుతోంది. ఆయన తల వంచి వింటున్నారు. పడవ రేవుగోడ దాటేదాకా వీళ్ళకు కనిపించింది ఆయన వీపే.